పాడె ముందు పిల్లల పాట

మా ఆయనకి ఆ ఆస్ట్రియా స్వరకర్తతో పరిచయమైంది బ్రిడ్జి మీద, కస్టమ్స్ క్యూలో, కారు రేడియోలో. మేము విండ్సర్‌లో ఉండేవాళ్ళం. ఆయన ఉద్యోగం నది అవతల డెట్రాయిట్‌లో. అమెరికాలో కొన్నేళ్ళుండి, అక్కడ గ్రీన్‌కార్డు ఇప్పట్లో రాదని తేలాక కెనడా పీఆర్ తెచ్చుకుని, నదికి ఇవతల ఇల్లు, అవతల ఉద్యోగం పెట్టుకున్న సంసారం మాది. ఆ సాయంత్రం నేనూ కార్లో ఉన్నాను. అవతల ఇండియన్ స్టోర్లో కరివేపాకు తాజాగా కనిపిస్తే ఆశపడి కొన్నాను. అది బోర్డర్ దాటించవచ్చో లేదో తెలియదు. సంచి సీటు కిందికి తోసేసి, వాసన బయటికి వెళ్తుందేమోనని గాభరా పడుతూ కూర్చున్నాను. రేడియోలో ఏం వస్తోందో నాకు పట్టలేదు.

ఆయనకి పట్టింది. డ్రమ్ము మీద మెల్లగా రెండు దెబ్బలు, మళ్ళీ రెండు దెబ్బలు. దాని మీద ఒకే ఒక్క పెద్ద వాయిద్యం, గొంతు బొంగురుపోయిన ముసలాయన పాడుతున్నట్టు ఒక పాట ఎత్తుకుంది. అది విని నేను, “ఇది మన పాప కిండర్‌గార్టెన్‌లో ఫ్రెంచ్‌లో పాడిన పాట కదండీ, ఇంత ఏడుపుగా పాడుతున్నారేమిటి?” అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. ఒకదాని వెనక ఒకటి వాయిద్యాలన్నీ అదే పాట అందుకుని నడవసాగాయి. ఎక్కడికో ఏదో మోసుకుపోతున్నట్టుంది. ఉన్నట్టుండి పక్క సందులోంచి వచ్చిపడినట్టు ఒక బ్యాండు మొదలైంది. పెద్ద డ్రమ్ము, దాని మీదే తాళాలు, క్లారినెట్లు. అంత దుఃఖంలోకి ఆ పెళ్ళి హుషారేమిటో నాకు అర్థం కాలేదు.

ముందు కార్లు కదిలాయి. మా కారు కదల్లేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. ఆయన స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, “మా నాయిన బ్యాండే గిది,” అన్నారు.

ఆ మాటకి నేను కరివేపాకు సంగతి మర్చిపోయాను. పెళ్ళయి పాప కాలేజీకి వచ్చేదాకా కాపురం చేసినదాన్ని. మామగారు సూర్యాపేటలో సంగీతం మాస్టారని, నేను ఆ ఇంట్లోకి రాకముందే పోయారని మాత్రమే నాకు తెలుసు. మా తెలుగు అసోసియేషన్‌లో కూడా అందరికీ అదే తెలుసు. మేము హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ మా ఇష్టంతో చేసుకున్న పెళ్ళి. నాది తెనాలి. మా వాళ్ళు అడిగినప్పుడూ ఆయన మాస్టారనే చెప్పారు. ఆ సంగీతం మాస్టారు ఏ పిల్లలకి నేర్పేవారో, ఏ స్కూల్లోనో నేనెప్పుడూ అడగలేదు. బూత్‌లో ఆఫీసరు తీసుకొచ్చినవేమిటని అడిగాడు. ఆయన బదులు నేనే, “కరివేపాకు సార్,” అని నిజం చెప్పేశాను. ఆ ఆఫీసరు చూసి నవ్వి పంపించేశాడు.

ఇంటికి వచ్చాక క్లాజెట్లో అన్నిటికన్నా వెనక, చలికోట్ల కింద నుంచి ఒక నల్లపెట్టె తీశారు. అందులో క్లారినెట్. సూట్‌కేసు బట్టల్లో చుట్టి అన్ని దేశాలూ తిప్పారు, నాకు చూపించలేదు. మామగారు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు. పెళ్ళి బరాత్ ముందు, దసరా ఊరేగింపు ముందు, ఎక్కువగా శవాల ముందు. ముసలివాళ్ళు నిండు జీవితం గడిపి పోతే ఆ ఊళ్ళో డప్పులూ బ్యాండూ పెట్టి, రంగు చల్లి, ఎగురుకుంటూ తీసుకెళ్ళేవారట. సినిమా పాటలే వాయించేవారు. “పెండ్లికి ఊదిన పాటనే జర నిదానం జేస్తే సావుకు సరిపోతది,” అన్నారు మా ఆయన. ఇంట్లో ఎప్పుడూ నాతో నా యాసలోకి ఒదిగిపోయి మాట్లాడే మనిషి, వాళ్ళ నాన్న మాట వచ్చేసరికి సొంత యాసలోకి వెళ్ళిపోయారు. నాకది కొత్త. కొత్తగా పెళ్ళయిన మనిషిని చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. కోపం మాత్రం తర్వాత వచ్చింది. ఇంతకాలం నా దగ్గర దాచాల్సిన సంగతా ఇది? రెండ్రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లోకి ఆ పాట రాసిన ఆస్ట్రియా పెద్దమనిషి, ఎప్పుడో నూరేళ్ళ కింద పోయినవాడు, కాపురానికి వచ్చాడు. నాకు సంగీతం తెలియదు. మా ఆయన వినిపించి చెబితే విన్నదే. ఆయన లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చదివి, రాత్రి చపాతీలు కాలుస్తుంటే నా పక్కన నిలబడి చెప్పేవారు. ఆ స్వరకర్త పెరిగింది వియన్నాకి దూరంగా ఒక చిన్న ఊళ్ళో. వాళ్ళ నాన్నది సారా కొట్టు. ఊళ్ళో సైనికుల బ్యారక్స్. రోజూ వీధిలో బ్యాండు వెళ్తుంటే చిన్నపిల్లవాడుగా వెనకాల పరిగెత్తేవాడట. ఇంట్లో తోబుట్టువులు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. ఇంట్లోంచి చిన్న శవపేటికలు వెళ్తుంటే పక్కనే కొట్లో తాగి పాడేవాళ్ళు పాడుతూనే ఉండి ఉంటారు కదా అనేవారు మా ఆయన. అందుకే ఆ మనిషి చెవుల్లో ఏడుపూ చిందూ విడిపోకుండా కలిసిపోయాయని ఆయన సిద్ధాంతం. పెద్దయ్యాక వియన్నాలో పెద్ద ఒపేరాకి అధిపతి అయ్యాడు. ఏడాదంతా వేరేవాళ్ళ సంగీతం నడిపించి, వేసవి సెలవుల్లో చెరువు పక్కన చిన్న గది కట్టుకుని తన సంగీతం రాసుకునేవాడు. “నా లెక్కనే. కంపెనీ పని అయినంక సొంత పని,” అని మా ఆయన తెగ మురిసిపోయేవారు.

బ్రిడ్జి మీద మేము విన్నది ఆ స్వరకర్త మొదటి సింఫనీలో మూడో భాగం. పిల్లల బొమ్మల పుస్తకంలో ఒక బొమ్మ చూసి ఆ ఆలోచన వచ్చిందంటారు. అడవిలో జంతువులన్నీ కలిసి వేటగాడి పాడె మోసుకుపోతుంటాయి. ఏడుస్తున్నాయో నవ్వుతున్నాయో చెప్పలేం. అప్పట్లో విన్న పెద్దమనుషులు మొహం చిట్లించుకున్నారట, శవం ముందు ఈ కుప్పిగంతులేమిటని. మా ఆయనకి ఆ మాట చదివినప్పుడల్లా నవ్వాగేది కాదు. “సూర్యాపేటోళ్ళయితే చిట్లించుకోకపోదురు,” అనేవారు.

ఆ భాగంలో మధ్యలో ఒక చోట బ్యాండు ఆగిపోతుంది. హార్ప్ మీద, వయొలిన్ల మీద చాలా మెత్తని పాట ఒకటి వస్తుంది, ఎవరో నిద్రపోతున్నవాళ్ళ దగ్గర కూర్చుని పాడినట్టు. ఆ తర్వాత మళ్ళీ శవయాత్ర నడుస్తుంది, మళ్ళీ బ్యాండు వస్తుంది. ఆ మెత్తని పాట ఎందుకొచ్చిందో పుస్తకాల్లో ఏవేవో రాశారు. మా ఆయనకి అవేవీ అక్కర్లేకపోయాయి. “ఇది దింపుడు కళ్ళం,” అన్నారు. మన వైపు శ్మశానానికి వెళ్ళే దారిలో ఒక చోట పాడె కిందికి దింపుతారు కదా. బ్యాండు ఆపేస్తారు. అయినవాళ్ళు ఒంగి చనిపోయినవాళ్ళ చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, ప్రాణం ఉంటే పలుకుతారేమోనని. పలకరు. మళ్ళీ ఎత్తుతారు, మళ్ళీ బ్యాండు మొదలవుతుంది. ఆయన చెప్పాక నాకు ఆ చోటు వినడం వచ్చింది. అంతకుముందు సింఫనీ అంటే వెయిటింగ్ రూముల్లో వచ్చే చప్పుడని అనుకునేదాన్ని.

ఆయన ఆ పెట్టెలో క్లారినెట్‌ని బాగుచేయించి, మా ఊళ్ళో వారాంతాల్లో వాయించుకునే ఆర్కెస్ట్రాలో చేరారు. అందులో అందరూ ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రిటైరైనవాళ్ళు. కర్ర ఊపి అందరినీ నడిపించే కండక్టరు చురుకైన పెద్దావిడ. క్లారినెట్ల వరసలో మా ఆయన పక్కన రిటైరైన స్కూల్ టీచర్ ఒకావిడ కూర్చునేది. మాటలు తక్కువ. మా ఇంటికి ఎన్నోసార్లు వచ్చి నా చేతి పులిహోర తిని, ఎంత బాగుందో చెప్పడానికి తలమాత్రం ఊపింది. మేము టీచరమ్మ అనేవాళ్ళం. చివరికి మా ఆయన ఎదురుగానే అలా పిలవడంతో ఆవిడ అది తన పేరే అనుకుంది.

చేరిన కొత్తలో నోట్స్ చూసి వాయించడం ఆయనకి కష్టమైంది. చెవితో పట్టేసి వాయించేవారు. కండక్టరు విసుక్కుంది. కానీ ఒక రోజు, ఊరికే సరదాగా ఆ మూడో భాగం ఎత్తుకున్న రిహార్సల్‌కి నేనూ వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు చూశాను. ఆ ఆస్ట్రియా ఆయన తన రాతల్లో చాలా చోట్ల, ఊదేవాళ్ళు వాయిద్యాలు పైకెత్తాలని రాసేవాడట, చప్పుడు నేరుగా జనం మీద పడేట్టు. ఈ శవయాత్రలో బ్యాండు వచ్చిన చోట కూడా ఎత్తమని కండక్టరు చెప్పింది. పెద్దమనుషుల్లా కూర్చున్న క్లారినెట్లు సిగ్గుపడుతూ కొంచెం కొంచెంగా ఎత్తారు. మా ఆయన మాత్రం గడ్డం పైకి లేపి, మెడ వెనక్కి వాల్చి, క్లారినెట్‌ని పైకప్పు మీదికి గురిపెట్టి ఊదారు. చచ్చినవాడు లేచొస్తాడేమో అన్నట్టు ఊదారు. కండక్టరు కర్ర ఆపేసి, “అలా, అందరూ అలా,” అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు గర్వంగా అనిపించింది. ఇంటికి వచ్చాక ఆ గర్వం దాచుకుని, “మెడ పట్టేస్తే నన్ను నొక్కమనకండి,” అన్నాను.

జబ్బు మొదట దగ్గు అనుకున్నాం. చలికాలం కదా అనుకున్నాం. తర్వాత మెట్లెక్కితే ఆయాసం, ఆ తర్వాత స్నానం చేస్తే ఆయాసం. స్పెషలిస్టు చెప్పింది: ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయి, ఎందుకో తెలియదు, ఆగదు. మార్పిడికి గుండె బలం చాలదన్నారు. నేను ఆ డాక్టరమ్మని ఏవేవో అడిగాను. ఆయన మాత్రం ఒకటే అడిగారు, “ఎప్పటిదాకా ఊదగలను?” అని. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమై ఒళ్ళు మండింది. బతకడం గురించి అడగడానికి వచ్చిన మనిషి ఊదడం గురించి అడుగుతాడా?

అడగడానికి కారణం ఉంది. ఆ వసంతంలో మా ఆర్కెస్ట్రా కచేరీలో ఆ మూడో భాగం ఒక్కటీ వాయించాలని నిర్ణయించుకున్నారు. ఆయన పట్టుబట్టి పెట్టించింది. బ్యాండు రెండుసార్లు వస్తుంది, దింపుడు కళ్ళానికి ముందొకసారి, తర్వాతొకసారి. రెండుసార్లూ క్లారినెట్ ఆయనది. దాన్ని జనం ముందు పైకెత్తి వాయించాలి. వచ్చినవాళ్ళందరికీ అది తన తండ్రి వృత్తి అని చెప్పాలి. ప్రోగ్రాం కాగితంలో అలాగే రాయించారు, ఈ వాయిద్యం మా నాన్నది, ఆయన చావు ఊరేగింపుల్లో వాయించేవాడు అని. మా అసోసియేషన్ వాళ్ళకి స్వయంగా ఫోన్ చేసి రమ్మని పిలిచారు. ఇన్నేళ్ళ అబద్ధాన్ని ఆ ఒక్క సాయంత్రంతో దించేసుకోవాలని ఆయనకి. దానికి ఊపిరి కావాలి. ఊపిరి రోజురోజుకీ తగ్గిపోతోంది.

ముక్కుకి సన్నని గొట్టం, భుజానికి వేలాడే చిన్న ఆక్సిజన్ మెషీన్ వచ్చాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా అది ‘పుఫ్’ అంటుంది. దానితోనే రిహార్సల్స్‌కి వెళ్ళారు. కార్లోంచి హాల్లోకి నడవడానికి నా భుజం పట్టుకునేవారు. నేను ఒకసారి వద్దన్నాను. గట్టిగానే అన్నాను. మా అమ్మాయి వాటర్లూలో చదువుతోంది, వీడియో కాల్లో అది కూడా, “డాడ్, యూ డోంట్ హ్యావ్ టు ప్రూవ్ ఎనీథింగ్,” అంది. ఆయన మా ఇద్దరి మాటా విని, ఫోను పక్కన పెట్టి, క్లారినెట్ మూతికి బిగించే రీడు ముక్క నోట్లో పెట్టుకుని తడుపుకుంటూ కూర్చున్నారు. మొండిపట్టు ఆయనకి కొత్తగా వచ్చిందా? కాదు. ఆ మొండితనం ఇంతకాలం ఉద్యోగాలకీ వీసాలకీ ఖర్చయిపోయింది, నాకు కనిపించలేదు.

కండక్టరు మంచిది. ఆయన్ని పక్కకి పిలిచి, మొదటి బ్యాండు మీరు వాయించండి, రెండోది టీచరమ్మకి ఇద్దాం, ఎవరికీ తెలియదు అంది. ఆయన ఇంగ్లీషులో చాలా మర్యాదగా కుదరదన్నారు. కార్లో నాతో అన్న మాట వేరు. “శవాన్ని దింపుడు కళ్ళం కాడ ఇడిసిపెట్టి వస్తడా ఎవడన్నా? శ్మశానం దాంక పోని బ్యాండు బ్యాండేంది?”

“మీ ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?” అన్నాను.

“ప్రాణం మీదికి వచ్చింది గదనే. ఇంక కొత్తగ ఏం దెస్త.”

నేను కారు నడుపుతూ ఏడ్చాను. వైపర్లు వేశాను, వాన లేకపోయినా.

కచేరీ ఒక చర్చి హాల్లో. బయట రోడ్ల పక్కన మంచు బురదగా కరుగుతోంది. మా అమ్మాయి ముందురోజే బస్సులో వచ్చింది. అసోసియేషన్ వాళ్ళు చాలామంది వచ్చారు, పట్టుచీరలు కట్టుకుని మరీ. ప్రోగ్రాం కాగితం చదివి ఒకరినొకరు చూసుకోవడం గమనించాను. ఒకాయన నా దగ్గరికి వచ్చి, “సంగీతం మాస్టారన్నారు కదండీ సార్?” అన్నాడు. “ఆయన చేసిందీ సంగీతమే కదండీ,” అన్నాను. నా గొంతు విని ఆయన తన కుర్చీ వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మా ఆయన నల్లకోటు వేసుకుని, గొట్టం చెవుల వెనక నుంచి కనపడకుండా సర్దుకుని కూర్చున్నారు. మెషీన్ కుర్చీ కింద. డ్రమ్ము మీద రెండు దెబ్బలు మొదలయ్యాయి. బొంగురు గొంతు పెద్ద వాయిద్యం పిల్లల పాట ఎత్తుకుంది. నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. దానికి ఆ పాట గుర్తుంది, పెదవులు కదిలించింది. వాయిద్యాలు ఒక్కొక్కటే పాడె కింద భుజం పెట్టాయి. బ్యాండు వచ్చింది. ఆయన మెడ వెనక్కి వాల్చి క్లారినెట్ పైకెత్తి ఊదారు. అద్భుతంగా ఊదారు. నేను ఊరికే భార్యగా అనడం లేదు, హాల్లో అందరి మొహాలూ మారాయి. నా వెనక ఒక కెనడియన్ ముసలాయన ఆపుకోలేక నవ్వాడు. అలా నవ్వాలనే ఆ స్వరకర్త రాశాడు, అలా నవ్వించాలనే మా ఆయన ఊదారు. నాకు ఊపిరి తీసుకోవడం గుర్తొచ్చింది.

తర్వాత హార్ప్. ఆ మెత్తని పాట. అంతా నెమ్మదించిపోయింది. ఆ నిశ్శబ్దంలో మెషీన్ చప్పుడు హాలంతా వినిపించింది. పుఫ్. పుఫ్. త్వరత్వరగా వస్తోంది. ఆయన క్లారినెట్ ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి, కళ్ళు మూసుకుని గాలి కోసం పాకులాడుతున్నారు. నాకు లేచి వెళ్ళి ఆయన్ని తీసుకొచ్చేయాలనిపించింది. మనసులో ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. ఎన్నడూ పిలవలేదు, ‘ఏవండీ’ తప్ప. చాలు, వచ్చెయ్యి అన్నాను. శవయాత్ర మళ్ళీ లేచింది.

బ్యాండు రెండోసారి వచ్చింది. ఆయన ఎత్తారు. అందరికన్నా ఎత్తుగా ఎత్తారు. పాట వినిపించింది, తప్పులేకుండా, హుషారుగా. కానీ ఆయన భుజాలు కదల్లేదు. ఊదే మనిషి భుజాలూ పొట్టా ఎలా కదులుతాయో నేను మా ఇంట్లో సోఫా మీద కూర్చుని కొన్నేళ్ళుగా చూశాను. అవి రాయిలా ఉన్నాయి. పక్కన టీచరమ్మ తన వాయిద్యం ఆయన వైపుకి వాల్చి, ఆయనంత ఎత్తుకి ఎత్తి, తన పాట వదిలేసి ఆయన పాట ఊదుతోంది. ఆయన కళ్ళు పైకప్పు మీదే ఉన్నాయి. చివరిదాకా దించలేదు.

చప్పట్లు చాలాసేపు కొట్టారు. ఆయన్ని లేచి నిలబడమన్నారు, టీచరమ్మ మోచెయ్యి పట్టుకుని లేపింది. అందరూ వచ్చి చేతులు కలిపారు. అసోసియేషన్ వాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. “అదరగొట్టేశారు సార్, రెండోసారి ఇంకా బాగుంది,” అన్నాడు నన్ను అడిగినాయన. మా ఆయన థాంక్స్ చెప్పారు. ఆయన మొహంలో ఒక్క రవ్వ సంతోషం లేదు. ఇంత పాటుపడితే సగమే దక్కిందన్న సంగతి నాకూ, ఆయనకీ, టీచరమ్మకీ తెలుసు.

కార్లో నేను డ్రైవ్ చేస్తున్నాను. ఆయన పక్కన, అమ్మాయి వెనక. నది పక్క రోడ్డు మీదికి వచ్చాక అడిగారు.

“రెండోసారి నాది ఇనవడ్డదా?”

ఆ సాయంత్రం అందరూ ఆయనకి ఒకే మాట చెప్పారు. నాకు అలా చెప్పడం చేతకాలేదు. “లేదు. మీరు ఊదలేదు. టీచరమ్మ ఊదింది,” అన్నాను.

“అమ్మా! వై వుడ్ యూ సే దట్?” అని అమ్మాయి వెనక నుంచి అరిచింది.

ఆయన తల ఊపారు. మాటకీ మాటకీ మధ్య మెషీన్ కోసం ఆగుతూ చెప్పారు.

“మా నాయిన గూడ ఆఖరికి ఊదకపోతుండె. దమ్ము జబ్బు. అయినా బ్యాండులకెళ్ళి తీసెయ్యలే. ఆడ ముసలోన్ని ఎవ్వలు తీసెయ్యరు. లైన్ల ఆయన జాగ ఆయనకే ఉంటది. నోట్ల పెట్టుకొని, పైకెత్తి పట్టుకొని నడుస్తడు. పక్కోడు ఇద్దరిది ఊదుతడు. చూసేటోళ్ళకు ఎర్కుండదు.”

“మీకెలా తెలుసు?”

“ఇంటోళ్ళకు ఎర్కైతది. కాలేజీ బస్సులకెళ్ళి చూసిన ఒకపారి. భుజాలు కదుల్తలేవు. దొంగ వేషం అనిపించింది. నా దోస్తులు పక్కనే ఉన్నరు. తల దించుకున్న. బ్యాండాయన కొడుకునని చెప్పుకోనీకె సిగ్గు గాదు నాకు, ఆ ఊదనిది చూసి సిగ్గైంది. మాస్టరని గప్పటి సంది చెప్తున్న.”

అమ్మాయి సీటు బెల్టు తీసేసి ముందుకి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. బెల్టు పెట్టుకోమని నేను అనలేదు.

“ఇయ్యాల ఎత్తినంక చూస్త, లోపల గాలి లేదు. దించుదామనుకున్న. గప్పుడే టీచరమ్మ పక్కకు వంగి నా పాట పట్టుకున్నది. ఆమెకు ఎవలు జెప్పిన్రు? నేను జెప్పలే.” ఒళ్ళో ఉన్న పెట్టె మీద చెయ్యి వేశారు. “దించకపోవుడు ఎంత కష్టమో నాకు ఎర్కలే. ఊదుడు కన్న కష్టం. నాయిన గది రోజు జేసిండు.”

ఏడ్చారు. ఊపిరి చాలక ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. నేను కారు పక్కకి ఆపాను. నదికి అవతల డెట్రాయిట్ దీపాలు వెలుగుతున్నాయి. మేము ముగ్గురం ఆ మెషీన్ చప్పుడు వింటూ అక్కడే ఉండిపోయాం.

వేసవి నడిమధ్యలో పోయారు. ఇంట్లోనే, నా చేతుల్లోనే. ఆయనకి వయసు చాలలేదు, బ్యాండు పెట్టి ఎగురుకుంటూ పంపే చావు కాదు అది. అయినా బ్యాండు లేకుండా పంపడం నాకు ఇష్టం లేదు. ఫ్యూనరల్ హోమ్‌లో మాకిచ్చిన టైము కాస్తే. పక్క గదిలో ఇంకో కుటుంబం ఉంది, డప్పులు కుదరవన్నారు. అసోసియేషన్ వాళ్ళు ఫోన్లో శ్లోకాలు పెడతామన్నారు. నేను వద్దంటే, ఒకామె నా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు పట్టుదలలు ఎందుకండీ, ఆత్మశాంతి ముఖ్యం కదా,” అంది. ఆయన ఆత్మ శాంతి సంగతి నాకు తెలిసినంత మీకు తెలియదు అన్నాను. ఆ మాటకి ఇప్పటికీ చింతించడం లేదు.

టీచరమ్మ వచ్చింది, చేతిలో పెట్టెతో. ఏం వాయించమంటావని అడిగింది. రెండోసారి వచ్చే బ్యాండు పాట అన్నాను. ఆవిడ నా మొహం చూసి, ఎప్పట్లాగే తల ఊపింది. శవపేటిక దగ్గరకి వెళ్ళి నిలబడింది. సరిగ్గా మధ్యలో నిలబడలేదు. ఒక మనిషి పట్టేంత చోటు వదిలి పక్కకి నిలబడింది. ఎప్పుడూ ఆయనకి ఎడంవైపు కూర్చునేది కదా, అలవాటుగా నిలబడిందేమో. ఆ చోటు అలా ఖాళీగా ఉండడం నేను చూడలేకపోయాను.

ఆయన క్లారినెట్ పేటిక మీద పూల మధ్య పెట్టాం. వెళ్ళి తీసుకున్నాను. టీచరమ్మ పక్కన, ఆ చోట్లో నిలబడ్డాను. వెనక గుసగుసలు వినిపించాయి. నోటి దగ్గర పెట్టుకుని, ఆయన ఎత్తినంత ఎత్తుకి ఎత్తాను. టీచరమ్మ మొదలుపెట్టింది. ఆ చిన్న గదిలో ఆ చిందు పాట గోడలకి కొట్టుకుని తిరిగి వచ్చింది. నాకు ఊదడం రాదు. మెడ లాగింది. ఆయన చెప్పింది నిజం, దించకుండా ఉండడం చాలా కష్టం.

పాట అయిపోయింది. టీచరమ్మ దించింది. నేను దించలేదు. దించితే ఆయన చోటు ఖాళీ అయిపోతుంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. మా అమ్మాయి వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది. “చాలమ్మా. నాన్న వెళ్ళాలి,” అంది తెలుగులో. అప్పుడు ఏడ్చాను.